చెడిన బిల్డింగు చూపించండి

జూన్ 2, సోమవారం

మా లాండ్రీ షెడ్డు ఓనరు వచ్చాడు. ఏడాది తిరిగేలోపు ఖాళీ చేసి ఇవ్వాలట. కుర్చీ చూపించినా కూర్చోలేదు, నిలబడే చెప్పాడు. నేనూ నిలబడే చెప్పాను. "చేస్తాం. ఇంకో అద్దె కొంపలోకి కాదు, మా సొంత బిల్డింగులోకే పోతాం." మిషన్ల దగ్గరున్న వాళ్ళందరూ తలలెత్తి చూశారు. అనేశాక గుండె దడదడలాడింది గాని ఆ దడ అతనికి వినబడనివ్వలేదు.

స్థలం కొన్నాం. అప్పుకి బ్యాంకు సరేనంది. కట్టేవాళ్ళే తేలలేదు. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతికి ఉతికి ఇంతమంది ఆడవాళ్ళం కూడబెట్టింది ఒక్కసారి కట్టడానికే సరిపోతుంది. తడిసిన దుప్పట్లతో పెద్ద మిషన్లు గిరగిరా తిరుగుతుంటే ఇప్పుడే నేల వణుకుతోంది. కొత్త బిల్డింగు నేల దిగబడిందంటే మిషన్లు ఆగుతాయి, మిషన్లు ఆగితే మా సంఘంలో ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. ఎవరో ఒక ఇంజనీరింగు కంపెనీని నమ్మాలి. ఎవర్ని నమ్మాలో ప్రెసిడెంటు చెప్పాలట. ప్రెసిడెంటంటే నేనే.

జూన్ 4, బుధవారం

అల్లుడు తను పనిచేసే ఇంజనీరింగు కంపెనీకి తీసుకెళ్ళాడు. గంజి వదిన కూడా వచ్చింది. వదిన అంటే నాకు సొంత వదినేం కాదు, సంఘంలో అందరికీ వదినే. చొక్కాకి గంజి పెట్టడంలో ఆవిడ చేతికి తిరుగులేదు, మాటకి గంజి పెట్టడంలోనూ అంతే.

చల్లటి గది. బల్లమీద మా లాండ్రీ బొమ్మ, అట్టతో చేసింది, అప్పుడే తయారు! మేమింకా ఊ అననేలేదు. బొమ్మ పక్కన చెట్లు, చెట్ల కింద గొడుగేసుకున్న ఒక చిన్న మనిషి. చెట్టు నీడలో ఈయనకి గొడుగెందుకు అని అడిగితే అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అడగలేదు.

వాళ్ళ మేనేజరు, "మా చరిత్రలో ఒక్క కంప్లైంటు కూడా లేదు మేడమ్" అన్నాడు.

"ఒక్కటి కూడానా?"

"సున్నా మేడమ్."

గంజి వదిన పొంగిపోయింది. దారి పొడుగునా అదే పాట. "ఆ సోఫాలు చూశావా?"

"చూశాను. బిల్డింగుతోపాటు మనకి ఇచ్చేస్తారా?"

"నీ నోటికి తాళం వెయ్యా! అల్లుడు దగ్గరుండి కట్టిస్తానంటే ఇంకా వెతుకులాటేమిటి, చేతిలో వెన్న పెట్టుకుని?"

అల్లుడు చెడ్డవాడని నేనెప్పుడన్నాను? అనలేదు. కూతురు తనంతట తను ఎంచుకున్న మనిషి. నేను అడ్డం చెప్పలేదు. చెప్పావంటుంది అది. సరే, దాని మాటే కానీ.

జూన్ 9, సోమవారం

ఇవాళ గంజి వదిన ఒక లాయరుగారి తెల్లచొక్కా కాల్చింది. భుజంమీద ఇస్త్రీపెట్టె అచ్చు, గోధుమరంగులో, ఎవరో కొలిచి వేసినట్టు.

మా దగ్గరొక రూలుంది. చెడగొట్టిన బట్ట లోపల దాచకూడదు, కౌంటరు పక్కనున్న కొక్కేనికి వేలాడదీయాలి. ఎవరు చెడగొట్టారో వాళ్ళే చేత్తో తీసి ఇవ్వాలి. ఆ రూలు పెట్టినప్పుడు అందరూ నన్ను నోరారా తిట్టుకున్నారు, ఇప్పటికీ తిట్టుకుంటారు. వదిన తిట్టుకుంటూనే వెళ్ళింది. "ఇదిగోండి, నేనే కాల్చాను" అంది. ఆయన చొక్కా చూసి వీధి వీధంతా వినేలా అరిచాడు. వదిన చెవులు ఎర్రబడ్డాయి గాని కదల్లేదు.

సాయంత్రం ఆయన భార్య వచ్చి రెండు సంచుల బట్టలు కౌంటరుమీద పడేసింది. "వేరేచోట అయితే చొక్కా మారిపోయిందని చెప్పి పంపించేసేవాళ్ళు" అంది.

ఆవిడ వెళ్ళాక ఆ కొక్కెంవంక చూస్తూ కూర్చున్నాను. దొరికింది. కంపెనీలవాళ్ళని ఏమడగాలో దొరికింది. కట్టిన మంచి బిల్డింగులు ఎవడైనా చూపిస్తాడు.

జూన్ 11, బుధవారం

అడిగాను. "మీరు చెడగొట్టిన బిల్డింగు ఒకటి చూపించండి."

పొద్దున వెళ్ళిన కంపెనీలో పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. చెడినవి ఉన్నాయట గాని అవి మేస్త్రీలు చెడగొట్టారట. ఇంకోటుంది గాని దాన్ని వాన చెడగొట్టిందట. ఇంకోటి ఉంది, అందులో కాపురముంటున్నవాళ్ళు చెడగొట్టారట. పాపం, అందరూ చెడగొడుతుంటే ఈయనొక్కడే కడుతున్నాడు!

మధ్యాహ్నం తుమ్ముల ఇంజనీరు దగ్గరికి. ఆ పేరు గంజి వదిన పెట్టింది. చిన్న ఆఫీసు, ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. మనిషికి దుమ్ము పడదు, మాటకో తుమ్ము. దుమ్ము పడనివాడు బిల్డింగులు కట్టడమేమిటి, నీళ్ళు పడనివాడు లాండ్రీ పెట్టినట్టు అని వదిన నా చెవిలో గొణిగింది. రేటు కూడా కొంచెం ఎక్కువే చెప్పాడు. నా ప్రశ్న విన్నాడు. తుమ్మాడు.

"ఒకటుందండి. బండెక్కుతారా?"

తీసుకెళ్ళింది ఒక అపార్టుమెంటుకి. భూమి లోపల కార్లు పెట్టుకునే చోటు. ఒక మూల గోడంతా చెమ్మ, కింద నీళ్ళు, తోడే మోటారు. కింది వాటాలో ఉండే ముసలావిడ చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. "వచ్చావా నాయనా? నీ గోడ మళ్ళీ ఏడుస్తోంది చూడు" అని మొదలెట్టి కడిగిపారేసింది. పోయిన వానకి ఏమైంది, అంతకు ముందు వానకి ఏమైంది, ఆవిడ మనవడి సైకిలు ఎలా తుప్పు పట్టింది, అన్నీ. ఆయన తలవంచుకుని విన్నాడు. మధ్యలో ఒక్కసారి తుమ్మాడు, అంతే.

"భూమిలో నీళ్ళు ఇంత పైకొస్తాయనుకోలేదండి" అని నాతో చెప్పాడు. "మట్టి పరీక్ష ఒక్కచోటే చేశాం. ఇంకా రెండు మూడు చోట్ల చేయాల్సింది. మా తప్పే. వానాకాలం వస్తే మా మనిషి ఇక్కడే ఉంటాడు."

నేను ముసలావిడని పక్కకి పిలిచి, "మళ్ళీ ఇల్లు కట్టుకోవాల్సొస్తే ఈయనకిస్తారా అమ్మా?" అని అడిగాను.

"ఇవ్వక? తిట్టడానికి దొరికేవాడు ఈ ఒక్కడే తల్లీ. లిఫ్టువాడూ రాడు, రంగులవాడూ రాడు, ఫోనే ఎత్తరు."

బయటికొచ్చాక గంజి వదిన నెత్తి కొట్టుకుంది. "తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్ళుంటుందే! గోడ కారుతోందని వాడే తీసుకెళ్ళి చూపిస్తే, అది చూసి మురిసిపోతావా?"

మురిసిపోలేదు. నిర్ణయించుకున్నాను. రెంటికీ తేడా ఉంది.

జూన్ 14, శనివారం

కూతురూ అల్లుడూ వచ్చారు. చేతిలో పళ్ళ బుట్ట. పళ్ళ బుట్ట చూడగానే అర్థమైంది, కబురు అందిందని. వదిన కడుపులో ఏ మాట దాగింది గనక!

అల్లుడు మంచినీళ్ళ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "అత్తయ్యగారూ, నేను మా పైవాళ్ళకి మాటిచ్చేశానండి. అత్తగారి పనే కదా అని. ఇది తెస్తే ప్రమోషను ఇస్తామన్నారు."

"మీరు మాటిచ్చేముందు నన్నొక మాట అడగాల్సింది బాబూ."

"ఇంట్లో వాళ్ళమేగా అమ్మా!" అంది కూతురు.

"సరే, ఇంట్లో వాళ్ళమే. అందుకే అడుగుతున్నాను. బాబూ, మీ కంపెనీ చెడగొట్టిన బిల్డింగు ఒకటి చూపించండి. చూపిస్తే సంఘం మీటింగులో మీకే ఓటేస్తాను."

అతను నవ్వాడు. నవ్వేముందు గ్లాసులోకి చూశాడు. "మా కంపెనీలో అలాంటివి ఉండవండి."

ఆ చూపు నేను చూశాను. కూతురు చూడలేదు. లేచి నిలబడింది. "అల్లుడి మాటమీద కూడా నమ్మకం లేదన్నమాట."

"పిల్లనిచ్చాను కదే, బిల్డింగు కూడా ఇవ్వాలా? పిల్ల నాది. బిల్డింగు నా ఒక్కదానిదీ కాదు."

"పిల్లని నువ్విచ్చావా?" అంది అది. గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా అంది. అరిచినా బాగుండేది. అల్లుడు దాని చెయ్యి పట్టుకుని "పద, పద" అన్నాడు. వెళ్ళొస్తానని నాకు చెప్పింది అల్లుడే.

నాకేం బాధ లేదు. పళ్ళు పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను.

జూన్ 15

ఫోను రాలేదు. ఆదివారం వస్తుంది మామూలుగా.

జూన్ 18

ఇవాళా రాలేదు. నేనేం ఎదురుచూడటం లేదు. ఫోను పక్కన పెట్టుకుని భోంచేస్తే ఎదురుచూసినట్టేనా?

జూన్ 21, శనివారం

మీటింగు. షెడ్డులోనే, మిషన్లు ఆపి, దుప్పట్ల మూటలమీద కూర్చుని.

గంజి వదిన లేచింది. లేస్తూనే అంది. "అసలు సంగతి చెప్పనా? ఈవిడకి అల్లుడంటే మొదట్నుంచీ పడదు. ఆ కోపం మనందరి నెత్తిన రుద్దుతోంది."

ఒళ్ళు మండింది. ఎంత మాట! అల్లుడికీ దీనికీ ఏం సంబంధం? ఏ సంబంధమూ లేదు. ఏ సంబంధమూ లేదని గట్టిగా చెప్పాను, రెండు మూడుసార్లు చెప్పినట్టున్నాను.

తర్వాత ఇలా అన్నాను. "వదినా, నువ్వు కాల్చిన చొక్కా నువ్వే తీసిచ్చావు. ఆ లాయరుగారింటి బట్టలు మళ్ళీ మనకే వచ్చాయా లేదా? సున్నా కంప్లైంట్లు అన్నవాడి కొక్కెం ఎక్కడుందో నాకు తెలీదు. ఈ తుమ్ములాయన కొక్కెం నేను కళ్ళారా చూశాను. బిల్డింగు బీటలిస్తే ఈ కుర్చీ దిగిపోతాను. లాండ్రీలో మామూలు మనిషిలా దుప్పట్లు మడతేస్తాను. రాసిచ్చేదా?"

"రాసివ్వక్కర్లేదు, అందరం విన్నాం" అంది వదిన.

చేతులు లేచాయి. అటూ ఇటూ చూసుకుని, ఒకళ్ళని చూసి ఒకళ్ళు, లేచాయి. వదిన చెయ్యి లేవలేదు. చేతులు కట్టుకుని కూర్చుంది. ఎక్కువమంది తుమ్ముల ఇంజనీరుకే అన్నారు గాని, చప్పట్లు మాత్రం ఎవరూ కొట్టలేదు.

గెలిచాను. ఇంటికొచ్చి గెలిచానని ఎవరికి చెప్పాలో తెలీక గిన్నెలు తోముకున్నాను.

జూలై 3

మట్టి పరీక్ష. ఒక్కచోట కాదు, స్థలం నాలుగు మూలలా తవ్వారు. తుమ్ములాయన గుంటలో దిగి మట్టి పిసికి చూసి తుమ్మాడు.

జూలై 20, ఆదివారం

వాన. పునాది గుంటల నిండా నీళ్ళు. ఫోను రాలేదు. నేనే చేశాను. అల్లుడెత్తాడు. "బాగున్నారా అత్తయ్యగారూ? తను స్నానం చేస్తోందండి, చెప్తాను" అన్నాడు. ఆదివారం మధ్యాహ్నమంతా చేసే స్నానం ఏం స్నానమో.

అతనికి ప్రమోషను రాలేదని వదిన చెప్పింది. నేను అడగలేదు, ఆవిడే చెప్పింది.

ఆగస్టు 16

పునాదులు అయ్యాయి. ఇనుప కడ్డీలు లేచాయి. కడ్డీల మధ్య నిలబడితే నా ఎత్తు నాకే పెరిగినట్టుంది. ఆడవాళ్ళందరం వెళ్ళి చూసొచ్చాం. ఆరబెట్టే గది ఎక్కడ, కిటికీ ఏ వైపు అని కొట్టుకున్నంత పని చేశాం. వదిన కూడా వచ్చింది. కిటికీ పడమటికి ఉండాలంది. పర్లేదు, కిటికీ గురించి మాట్లాడిందంటే దారిలోకి వస్తున్నట్టే.

సెప్టెంబరు 8, సోమవారం

పొద్దున్నే, కౌంటరు దగ్గర జనం కిటకిటలాడుతున్న వేళ, తుమ్ముల ఇంజనీరు వచ్చాడు. వరసలో ఉన్నవాళ్ళందరి ముందూ చెప్పాడు.

"ప్రెసిడెంటుగారూ, మూలనున్న పిల్లరు చెడిపోయిందండి. మేమే చెడగొట్టాం. కాంక్రీటు పోసేటప్పుడు గాలి పోయేలా మిషనుతో కదిలించాలి. అడుగున సరిగా కదిలించలేదు. చుట్టూ బిగించిన చెక్కలు విప్పితే లోపలంతా కన్నాలే. కూలగొడుతున్నాం. మీరొచ్చి చూశాకే కూలగొడతాం."

చేతిలో ఉన్న రసీదు పుస్తకం కిందపడింది. వెళ్ళాను. పిల్లరు అడుగున తేనెపట్టులా కన్నాలు, లోపల ఇనుము కనబడుతోంది. మా బరువైన మిషన్లన్నీ వచ్చేది ఆ మూలకే. ఏం మాట్లాడానో పూర్తిగా గుర్తు లేదు. చాలా మాట్లాడాను. నిన్ను నమ్మినందుకు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అన్నాను. నీ తుమ్ములకి మందు లేదా, కళ్ళు మూసుకుని పోశారా కాంక్రీటు అన్నాను. అక్కడున్న పనివాళ్ళు పారలు కింద పెట్టి విన్నారు. ఆయన తలవంచుకుని విన్నాడు. చివర్లో, "ఈ ఖర్చు మాదేనండి. బిల్డింగు కొంచెం ఆలస్యమవుతుంది" అన్నాడు.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి వార్త నాకంటే ముందొచ్చింది. "చెప్పానా!" అంది వదిన. ఇంకేం అనలేదు. ఆ ఒక్క మాటే వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పింది.

సెప్టెంబరు 9

రేపే మీటింగు కావాలన్నారు సంఘంవాళ్ళు. స్థలం దగ్గరే, ఆ పిల్లరు ముందే, అప్పటిదాకా దాన్ని కూలగొట్టొద్దట. కంపెనీని మార్చాలట. ప్రెసిడెంటుని కూడా.

మార్చుకోనీ. భయపడతాననుకుంటున్నారేమో.

సెప్టెంబరు 9, మళ్ళీ

భయంగా ఉంది.

భయమెందుకు? నేనడిగింది ఏమిటి? తప్పు జరగని కంపెనీ కావాలన్నానా? తప్పు జరిగితే నా ముందుకొచ్చి నిలబడేవాడు కావాలన్నాను. వాడొచ్చి నిలబడ్డాడు. అది చూడగానే నాకే మతిపోయింది! అడిగిన వస్తువు చేతికిస్తే, అయ్యో ఇంత బరువుందేమిటని వదిలేస్తానా? వదల్ను. కుర్చీ పోతే పోనీ. ఆ మాటే రేపు చెప్తాను.

సెప్టెంబరు 10, బుధవారం

అందరూ వచ్చారు. అల్లుడు కూడా. వదినే ఫోను చేసి పిలిపించింది, తెలిసినవాడు చూసి చెప్తాడని. కూతురు రాలేదు. అల్లుడు నాకు నమస్కారం పెట్టాడు. నేను తలాడించాను.

అతను పిల్లరు దగ్గర గొంతుకూర్చున్నాడు. కన్నంలోకి వేళ్ళు పెట్టి చూశాడు. కడ్డీని తట్టి చూశాడు. తుమ్ముల ఇంజనీరుని ఏదో అడిగాడు, ఆయనేదో చెప్పాడు. అల్లుడు లేచి చేతులు దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు.

"చెప్పండి బాబూ, మీరే చెప్పండి" అంది వదిన, అందరికీ వినబడేలా. "మీ కంపెనీ అయితే ఇలా జరిగేదా?"

అల్లుడు నావంక చూడలేదు. పిల్లరువంకే చూశాడు.

"జరిగేదండి. జరుగుతూనే ఉంటుంది. కాకపోతే మేం కూలగొట్టం. సాయంత్రానికల్లా పైన సిమెంటు పూత పూసేస్తాం. మీరొచ్చేసరికి నున్నగా ఉంటుంది."

వదిన వంగి ఆ కన్నాల్లోకి తనూ తొంగిచూసింది.

"అలా మా పూత కింద కన్నాలున్న బిల్డింగులు నాకు తెలిసినవే మూడున్నాయండి" అన్నాడు. "అత్తయ్యగారు ఇంట్లో అడిగినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. ఈయన్ని మార్చకండి."

అని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు. ఇంతమంది విన్నాక ఆ మాట అతని కంపెనీకి చేరకుండా ఉంటుందా? అది అతనికి తెలీదా? తెలుసు. నాకంటే బాగా తెలుసు.

మీటింగు అన్నది జరగనేలేదు. వదిన కొంగు బిగించి తుమ్ముల ఇంజనీరు ముందుకెళ్ళి, "మరి నిలబడి చూస్తారేం? కూలగొట్టండి!" అంది. కూలగొట్టడం మొదలెట్టారు. దుమ్ము లేచింది, ఆయన తుమ్ములు లంకించుకున్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అల్లుడు వెళ్ళిన దారివైపే చూస్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

ఫోను మోగింది. కూతురు.

"ఏమన్నావమ్మా ఆయన్ని? వచ్చినప్పట్నుంచీ కంచం ముందు కూర్చుని తినడం లేదు. ఏమడిగినా, మీ అమ్మకి చెప్పేశాను అంటున్నారు. ఏం చెప్పారు?"

"నేనేమీ అనలేదే. ఆయనే అన్నారు. అందరి ముందూ నిలబడి, నిజం."

నేను జరిగిందంతా చెప్పాను. ముక్కు చీదడం వినబడింది.

"ఉద్యోగం పోతుందమ్మా."

"పోవచ్చు."

"నీకు కావల్సింది ఇదేగా?" అంది. ఆ మాట కత్తిలా దిగింది. ఎప్పటిలాగే ఎదురు సమాధానం నాలుకమీదకి వచ్చింది. మింగేశాను.

"తల్లీ, మంచివాణ్ణి ఎంచుకున్నావే" అన్నాను. ఈ మాట దానికి చెప్పడం ఇదే మొదలు. అవతల ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. దేనికని రాయను, ఈ పుస్తకం చదివేది నేనేగా, నాకు తెలుసు.

రేపు లాండ్రీకి సెలవు పెడతాను. వాళ్ళింటికి వెళ్తాను. వాళ్ళ కంపెనీవాళ్ళు ఫోను చేస్తే పక్కన కూర్చుంటాను, ఇంటికే వస్తే గుమ్మంలో నిలబడతాను. అల్లుడు వద్దంటాడు, మొహమాటపడతాడు. కూతురు తలుపు తీస్తుందో, మొహంమీద వేస్తుందో. పిలవని పేరంటమని ఎవరైనా అనుకుంటే అనుకోనీ.

పిలవకపోయినా వెళ్తాను.